మొదటిసారి ఓవర్‌క్లాకింగ్, బోర్డుకి 15 వేలు – ఏది తీసుకోవాలి?

కూకట్‌పల్లి_కుర్రోడు
నిన్న సీటీసీకి (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లొచ్చా. బీటెక్ మూడో ఏడు. అమ్మ చిట్టీ పాడి పీసీకి డబ్బులిచ్చింది. గ్రాఫిక్స్ కార్డు అన్నయ్యది పాతది ఉంది, మిగతావన్నీ కొత్తవి కొనాలి. గేమ్స్ ఎలాగూ ఆడతా, కానీ ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా పైకి నడపడం) నా చేతులతో నేర్చుకోవాలని రెండేళ్ల నుంచి కోరిక. ఓ కొట్టులో 12600కే ప్రాసెసర్, హెచ్610 బోర్డు కాంబో చెప్పారు. "కే అని రాసుంది కదా బాబూ, ఏ బోర్డులో పెట్టినా ఓవర్‌క్లాక్ అవుతుంది" అన్నారు. 2 వేలు అడ్వాన్స్ ఇచ్చేశా. ఇంటికొచ్చి చదువుతుంటే ఒకరు జెడ్ బోర్డు అంటారు, ఇంకొకరు ఏఎండీ అంటారు, మరొకరు ఫేజులు లెక్కపెట్టమంటారు. బోర్డుకి 15 వేలు, గట్టిగా లాగితే 17. మాది పైఅంతస్తు, ఏసీ లేదు. ఎవరైనా విడమర్చి చెప్పండి.

ఎడిటింగ్_యాదగిరి
గట్ల చెప్పిండా? ఆ అడ్వాన్స్ వాపస్ తీస్కో తమ్మీ. హెచ్610ల మల్టిప్లయర్, అంటే బేస్ క్లాక్‌ని ఎన్నింతలు చేసి స్పీడు తేవాలె అనే అంకె, అస్సల్ కదల్దు.

వేడివేడి_వీఆర్‌ఎం
యాదగిరన్న చెప్పింది నిజం. ఇంటెల్‌లో రెండు తాళాలుంటాయి. ప్రాసెసర్ పేరు చివర కే ఉండటం ఒకటి, బోర్డు చిప్‌సెట్ (బోర్డు పేరులో జెడ్690, హెచ్610 అని ఉండేది) జెడ్ అవ్వడం రెండోది. రెండూ తెరుచుకుంటేనే మల్టిప్లయర్ చేతికొస్తుంది. 12600కే అయితే జెడ్690 గానీ జెడ్790 గానీ ఉండాలి. బీ660, బీ760లో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది కుదరదు. హెచ్610లో రెండూ లేవు, డీడీఆర్4 బోర్డయితే 3200 దగ్గర ఆగిపోతుంది. కే ప్రాసెసర్‌కి అదనంగా పెట్టిన డబ్బంతా ఆ బోర్డులో వృథా.

ఓసీ_ఓరుగల్లు
పూర్తిగా కరెక్ట్ కాదు. కొన్ని బీ660 బోర్డుల్లో విడిగా క్లాక్ జనరేటర్ ఉండేది. వాటిలో 12వ తరం నాన్‌-కే ప్రాసెసర్లని కూడా బేస్ క్లాక్ పెంచి ఓవర్‌క్లాక్ చేశారు. 12400ని 5 గిగాహెర్ట్జ్ దాటించిన వాళ్లున్నారు.

వేడివేడి_వీఆర్‌ఎం
చేశారు, నేనూ చూశాను. అలాంటి బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇప్పుడు సీటీసీ మొత్తం తిరిగినా దొరకవు. దొరికినా పాత బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) మీదే ఉండిపోవాలి. మొదటిసారి చేసే కుర్రాడికి ఆ దారి చూపించొద్దు.

పార్క్‌లేన్_పాతకాపు
నా మొదటి ఓవర్‌క్లాక్ సెలెరాన్ 300ఏ. 1998లో వచ్చిన చిప్. 66 మెగాహెర్ట్జ్ బస్‌ని 100కి మారిస్తే 300ది కాస్తా 450 అయిపోయేది. 440బీఎక్స్ బోర్డు కోసం చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మారనిది ఒకటే: ఓవర్‌క్లాకింగ్‌లో నీకు తోడుండేది ప్రాసెసర్ కాదు, బోర్డు. తప్పు చేసినప్పుడు వెనక్కి తీసుకురావాల్సింది అదే. తమ్ముడూ, కొనే బోర్డులో నువ్వు ముందు చూడాల్సింది ఆ గుణం. ఎంత స్పీడు ఎక్కుతుందన్నది తర్వాత చూద్దువు.

కూకట్‌పల్లి_కుర్రోడు
వెనక్కి తీసుకురావడం అంటే ఏంటి సార్? కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.

సోల్డర్_స్వాతి
నేను చెప్తాను, నా రోజువారీ పనే ఇది, బోర్డులు రిపేర్ చేస్తాను. ఓ సెట్టింగ్ అతిగా పెట్టావనుకో, సేవ్ చేశాక పీసీ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం రాదు. అప్పుడు సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి తేవాలి. చవక బోర్డుల్లో దానికి రెండు చిన్న పిన్నులుంటాయి, చాలావాటిలో గ్రాఫిక్స్ కార్డు కిందకి పోయి దాక్కుంటాయి. కరెంటు తీసేసి, కార్డు విప్పి, ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నుల్నీ కలిపి పది సెకన్లు అలాగే పట్టుకోవాలి. చెయ్యి వణికి పక్క పిన్నుకి తగిలిందంటే ఇంకో తలనొప్పి. మంచి బోర్డులో ఇదే పనికి వెనకాల ఒక బటన్ ఉంటుంది, నొక్కితే చాలు. నేర్చుకునేటప్పుడు ఈ పని వారంలో పదిసార్లు చేస్తావు. ఇక ఏది ఆగిపోయిందో చెప్పే నాలుగు బుల్లి లైట్లు ఉండాలి, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని. అవి లేకపోతే గుడ్డిగా వెతుక్కోవడమే.

ఎడిటింగ్_యాదగిరి
స్వాతక్క సీమాస్ పిన్నుల ముచ్చట చెప్తుంటే నా మెడ నొప్పి యాదికొచ్చింది. నిజంగ టార్చ్ నోట్లనే పెట్టుకుంటం 😄

ఎల్బీనగర్_ల్యాగ్
బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ కూడా రాయండక్కా. కిందటేడు ఏప్రిల్‌లో నేను బయోస్ అప్‌డేట్ పెట్టిన ఐదు నిమిషాలకి ఈదురుగాలి మొదలైంది. 60 శాతం దగ్గర కరెంటు పోయింది. కరెంటు వచ్చాక బోర్డులో ఉలుకూ లేదు పలుకూ లేదు. ఫ్లాష్‌బ్యాక్ ఉంది కాబట్టి బతికిపోయా. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32కి ఫార్మాట్ చేసి, బయోస్ ఫైల్ పేరు వాళ్లు చెప్పినట్టు మార్చి, వెనకాల గుర్తున్న యూఎస్‌బీలో పెట్టి బటన్ నొక్కా. ప్రాసెసర్ లేకపోయినా పని చేస్తుంది, పవర్ సప్లై నుంచి రెండు కేబుళ్లు ఉంటే చాలు. లైటు మిణుకుమిణుకుమంటూ ఆరేడు నిమిషాలు నడిచింది. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా.

తార్నాక_ఇంటెల్
అందరూ జెడ్690 దగ్గరే ఆగారు, అదే తీసుకోమని నేనూ అంటాను. 12600కే మంచి చిప్. మల్టిప్లయర్ ఒక్కో మెట్టూ పెంచుకుంటూ, వోల్టేజ్ ఇస్తూ, క్రాష్ అయితే తగ్గిస్తూ నేర్చుకోవడమే అసలైన ఓవర్‌క్లాకింగ్. పైగా జెడ్690లో డీడీఆర్4 బోర్డులున్నాయి. డీడీఆర్5 ధరలు ఇప్పుడు మండిపోతున్నాయి కదా, పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే బోలెడు మిగులుతుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
నా దగ్గర డీడీఆర్4 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉందన్నా, 2666ది. ర్యామ్ ఎలాగూ కొనాల్సిందే.

వేడివేడి_వీఆర్‌ఎం
అయితే ఏఎండీ సాకెట్ ఏఎం5 చూడు. ప్రాసెసర్ రైజెన్ 5 7600, బోర్డు బీ650. కారణాలు చెప్తాను. రైజెన్‌లో దాదాపు అన్ని చిప్పులూ తెరిచే వస్తాయి, ఎక్స్ ఉన్నా లేకపోయినా. బీ650లో ప్రాసెసర్, ర్యామ్ రెండూ ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, ఎక్స్670 అక్కర్లేదు. పేరులో బీ ఉంది కదా అని బీ840 మాత్రం తీసుకోకు, అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. ఏ620లోనూ లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఉద్యోగం వచ్చాక ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటావు.

తార్నాక_ఇంటెల్
7600లో ఓవర్‌క్లాక్ చేయడానికి ఏం మిగిలింది? పీబీఓ (ప్రాసెసర్ తనంతట తానే స్పీడు పెంచుకునే ఏఎండీ సెట్టింగ్) ఆన్ చేస్తే అదే చేసుకుపోతుంది. దాన్ని నేర్చుకోవడం అంటారా?

పార్క్‌లేన్_పాతకాపు
అంటారు తార్నాకా. నేనూ మొదట్లో నీలాగే అనుకున్నాను. ఇంటెల్ 2500కే నా దగ్గర ఏడేళ్లుంది, 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి లాగి వాడాను, ఆ రోజులు వేరు. ఇప్పటి చిప్పుల్ని ఫ్యాక్టరీలోనే అంచు దాకా లాగి పంపుతున్నారు. ఇప్పుడు పనితనమంతా బయోస్‌లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఉంది. ఒక్కో కోర్‌కి వోల్టేజ్ ఎంత తగ్గిస్తే తట్టుకుంటుందో పట్టుకోవాలి. తగ్గించిన కొద్దీ చల్లబడుతుంది, చల్లబడిన కొద్దీ తనే స్పీడు ఎక్కుతుంది. ఆరు కోర్లుంటే ఆరూ ఆరు రకాలు. ఓపికగా చేస్తే రెండు వారాల పని.

సోల్డర్_స్వాతి
వోల్టేజ్ తగ్గించి నేర్చుకునే వాళ్లు నా బల్ల దాకా రారు. పెంచి నేర్చుకునే వాళ్లే వస్తారు. అమ్మ చిట్టీ డబ్బు అన్నాడు కాబట్టి నా ఓటు కర్వ్ ఆప్టిమైజర్‌కే.

ఓసీ_ఓరుగల్లు
13, 14వ తరం ఇంటెల్ గురించి కూడా ఎవరైనా చెప్పండి, సెకండ్‌హ్యాండ్‌లో 13600కే దొరికితే కొనేసేలా ఉన్నాడు. వోల్టేజ్ ఎక్కువై చిప్పులు అరిగిపోయే గొడవ 2024లో బయటపడింది. దానికి ఆగస్టులో 0ఎక్స్129, ఆ తర్వాత 0ఎక్స్12బీ అని చిప్ నడకని సరిదిద్దే మైక్రోకోడ్‌లు ఇచ్చారు. అరిగిన చిప్‌ని మాత్రం అవి బాగుచేయవు. ముందు వాడినవాడు ఏ బయోస్ మీద నడిపాడో నీకెలా తెలుస్తుంది?

కూకట్‌పల్లి_కుర్రోడు
సరే, 7600 ఫిక్స్. అడ్వాన్స్ గురించి ఇవాళ ఫోన్ చేశా, డబ్బు వెనక్కి ఇవ్వరట, వేరే సామాను తీసుకోమన్నారు. ఇప్పుడు బీ650ల్లో ఏది? ఒక బోర్డు డబ్బా మీద 8+2+1 ఫేజులు, ఇంకోదాని మీద 12+2+2, వేరేదాని మీద 14+2+1 అని ఉంది. ఎక్కువున్నదే మంచిదా?

ఎడిటింగ్_యాదగిరి
ఆ రెండు వేలకి కేబినెట్ ఫ్యాన్లు తీస్కో, ఎట్లైనా కావాలె గద.

వేడివేడి_వీఆర్‌ఎం
ఫేజుల సంగతి వివరంగా రాస్తాను, నా పేరే దాని మీద పెట్టుకున్నా మరి.

పవర్ సప్లై నుంచి బోర్డుకి 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కి కావాల్సింది 1.2 వోల్టుల చుట్టుపక్కల. ఆ పనిని పంచుకునే భాగాలే ఫేజులు, ఆ దించే పని మొత్తం వీఆర్‌ఎంది. ప్రాసెసర్ 140 వాట్లు లాగుతోందంటే ఆ వోల్టేజ్ దగ్గర 100 ఆంపియర్ల పైమాటే. అంత కరెంటు సాకెట్ చుట్టూ ఉన్న మాస్‌ఫెట్ల గుండా పోవాలి, వేడెక్కడం ఖాయం. ఫేజులు ఎక్కువుంటే ఆ బరువు పంచుకుంటాయి, అంతవరకూ నిజమే. కానీ 50 ఆంపియర్ల ఫేజులు ఎనిమిది, 80 ఆంపియర్లవి ఎనిమిది రెండూ ఒకటి కాదు. డబ్బా మీద సంఖ్య ఆ తేడా చెప్పదు. పైన హీట్‌సింక్ ఎంత బరువుంది, గాలి ఆడే గాడులున్నాయా, ఉత్త రేకు మూతా అన్నది చూడు.

నీ 7600 అసలు 65 వాట్ల చిప్, మామూలుగా 88 వాట్ల దగ్గర ఆగుతుంది. పీబీఓ పెట్టినా హీట్‌సింక్ ఉన్న ఏ బీ650 అయినా దాన్ని మోస్తుంది. 8+2+1 సరిపోతుంది. రేపు 12, 16 కోర్లది వేస్తానంటే మాత్రం కాస్త పైది.

ఎడిటింగ్_యాదగిరి
హీట్‌సింక్ మాట మీద నా కథ చెప్త. 5900ఎక్స్ కొన్న, బోర్డు మాత్రం పాత బీ450, వీఆర్‌ఎం మీద ఏ మూత లేదు. జనవరిల మస్తు నడిచింది. మే నెల వచ్చింది, రేకుల రూం, బయట 42. పెండ్లి వీడియో రెండర్ పెట్టిన. పది నిమిషాలైనంక రెండర్ నత్తలెక్క పాకుతుంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే 70, అంతా మంచిగనే ఉంది. రెండు రోజులు పరేషాన్ అయిన. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (టెంపరేచర్లు చూపెట్టే సాఫ్ట్‌వేర్) కిందికి జరిపి చూస్తే మాస్ అని ఇంకో లైన్, 112 డిగ్రీలు. ప్రాసెసర్‌కి ఏం కాలె, వీఆర్‌ఎం తట్టుకోలేక దాన్ని కిందికి గుంజుతుంది. పాత టేబుల్ ఫ్యాన్ పక్కన పెట్టి ఆ పెండ్లి వీడియో పూర్తి చేసిన. పిల్ల తండ్రి వచ్చి ఈ ఫ్యాన్ ఎందుకు బాబూ అని అడిగిండు.

కూకట్‌పల్లి_కుర్రోడు
మాదీ పైఅంతస్తే యాదగిరన్నా. మేలో రాత్రి పదకొండింటికి కూడా గోడలు కాలుతుంటాయి.

పార్క్‌లేన్_పాతకాపు
అందుకే యూట్యూబ్‌లో టెంపరేచర్లు చూసి కొనొద్దు. వాళ్ల గది 21 డిగ్రీలు, మన గది 36. ఆ 15 డిగ్రీలూ ప్రతి అంకెకీ కలుపుకో.

ఎల్బీనగర్_ల్యాగ్
7600 డబ్బాలో వచ్చే కూలర్ కూడా ఈ పనికి చాలదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ ఏదైనా చాలు, వాటర్ కూలింగ్ వద్దు.

తార్నాక_ఇంటెల్
వారంటీ మాట ఎవరూ ఎత్తలేదు. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఇంటెల్ ఇవ్వదు, ఏఎండీ ఇవ్వదు. పీబీఓ కూడా కాగితం మీద వారంటీ బయటే. బయోస్‌లో ఆ పేజీ తెరిస్తే హెచ్చరిక వస్తుంది, చదవకుండా ఓకే కొడతారు అందరూ. తెలిసి దిగు.

సోల్డర్_స్వాతి
అది మంచి మాట. ఇంకోటి. నా దగ్గరికి వచ్చే బోర్డుల్లో ఓవర్‌క్లాకింగ్ వల్ల పోయినవి కొన్నే, సాకెట్ పిన్నులు వంగినవి ఎక్కువ. ఏఎండీలో ఏఎం4 దాకా పిన్నులు ప్రాసెసర్ కిందుండేవి, ఏఎం5 నుంచి బోర్డులోనే 1718 ఉన్నాయి. వంగితే వారంటీ ఇవ్వరు. అందుకని డబ్బు కట్టకముందే కౌంటర్ మీదే డబ్బా విప్పించు. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీసి, ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా కొట్టు. పిన్నుల మెరుపు వరి మడిలో నాట్లలా వరసగా కనపడాలి. ఒక్కచోట వరస చెదిరి చుక్క వేరేవైపు మెరిసిందంటే ఆ బోర్డు వద్దను. ఫోటో తీసుకో, మూత మళ్లీ పెట్టించు, ఆ మూత పారేయకు. జీఎస్టీ బిల్లులో సీరియల్ నంబర్ రాయించుకో. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోకు.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఇదంతా కాగితం మీద రాసుకున్నానక్కా. శనివారం వెళ్తున్నా.

ఓసీ_ఓరుగల్లు
పేర్లు అడిగాడు, ఎవరూ చెప్పలేదు. ఎంఎస్ఐ బీ650 టొమాహాక్, ఆసుస్ టఫ్ బీ650 ప్లస్. ఫ్లాష్‌బ్యాక్ రెండింటిలోనూ ఉంది, లైట్లున్నాయి, హీట్‌సింక్‌లు బరువైనవి. అవి బడ్జెట్ దాటితే ఎంఎస్ఐ బీ650ఎం మోర్టార్ చూడు, చిన్న సైజు.

వేడివేడి_వీఆర్‌ఎం
ఆ మూడింటిలో ఏది దొరికితే అది. ర్యామ్ రెండు స్టిక్‌లే, 6000 ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుకి ఒక్కసారిగా తెచ్చే ప్రొఫైల్) ఉన్నవి. నాలుగు పెడితే ఈ ప్లాట్‌ఫామ్‌లో స్పీడు పడిపోతుంది, 7000 సిరీస్‌కి నాలుగు స్టిక్‌లతో అధికారికంగా ఇచ్చింది 3600 మాత్రమే.

కూకట్‌పల్లి_కుర్రోడు
తెచ్చేశా!! మోర్టార్ దొరికింది. పిన్నులు చూశా, కొట్టాయన "నువ్వు డాక్టరువా బాబూ" అన్నాడు. ఇప్పుడే బిగించా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ రావట్లేదు. పసుపు లైటు వెలుగుతోంది. రెండు నిమిషాలైంది. కాళ్లు వణుకుతున్నాయి, ఎవరైనా ఉన్నారా?

సోల్డర్_స్వాతి
స్విచ్ ముట్టుకోకు. ఆగు.

వేడివేడి_వీఆర్‌ఎం
అది ర్యామ్ లైటు. ర్యామ్ ఏ స్లాట్లలో ఉంది?

కూకట్‌పల్లి_కుర్రోడు
ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

వేడివేడి_వీఆర్‌ఎం
కరెక్ట్‌గానే పెట్టావు. అది మెమరీ ట్రైనింగ్. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో మాట కుదుర్చుకోవడానికి బోర్డుకి చాలాసేపు పడుతుంది. పది, పదిహేను నిమిషాలు వదిలెయ్.

ఎడిటింగ్_యాదగిరి
తమ్మీ చాయ్ తాగి రా పో.

కూకట్‌పల్లి_కుర్రోడు
వచ్చింది!!! చాయ్ పొంగేలోపే బయోస్ స్క్రీన్ వచ్చింది. అమ్మని పిలిచి చూపించా.

పార్క్‌లేన్_పాతకాపు
శుభం. ఇక తొందరపడకు. మొదటి రెండు రోజులు ఏమీ మార్చకుండా వాడు. సినీబెంచ్ (ప్రాసెసర్ సత్తా కొలిచే టెస్ట్) స్కోరు, టెంపరేచర్, గది వేడి నోట్‌బుక్‌లో రాసిపెట్టు. తర్వాత ఎక్స్‌పో ఒక్కటే ఆన్ చేసి రాత్రంతా మెమ్‌టెస్ట్ నడుపు. అది పాసైతేనే పీబీఓ జోలికి వెళ్లు. రెండూ ఒకేసారి మారిస్తే, క్రాష్ అయినప్పుడు దేనివల్లో తెలీదు. ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానిది) 1.3 దాటకూడదు. 2023లో కొన్ని 7800ఎక్స్3డీలు సాకెట్లోనే కాలాక ఏఎండీ పెట్టించిన హద్దది.

కూకట్‌పల్లి_కుర్రోడు
మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఎక్స్‌పో 6000 మొదటిరోజే పాసైంది. కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టా, సినీబెంచ్ మూడుసార్లు బ్రహ్మాండంగా నడిచింది. అయిపోయిందనుకున్నా. ఆ రాత్రి ఏ పనీ చేయకుండా వదిలేస్తే పీసీ దానంతటదే రీస్టార్ట్ అయింది. ఎందుకో అర్థం కాలేదు, బరువున్నప్పుడు బాగుండి ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడం ఏంటి?

వేడివేడి_వీఆర్‌ఎం
కర్వ్ ఆప్టిమైజర్ గుణమే అది. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు స్పీడు తక్కువుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క కోర్ ఉన్నట్టుండి పైకెగురుతుంది, అప్పుడు తగ్గించిన వోల్టేజ్ చాలదు. కోర్‌సైక్లర్ నడుపు, ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్ష పెడుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్లు (విండోస్ రాసిపెట్టే హార్డ్‌వేర్ లోపాలు) చూస్తే ఏ కోరో దొరుకుతుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
దొరికింది. రెండో కోర్, ఐదో కోర్ మైనస్ 15 దగ్గరే ఆగాయి. మిగతావి మైనస్ 25. థర్మల్ లిమిట్ 85 పెట్టా. సినీబెంచ్ ఆర్23లో 13,900 ఉన్నది 14,850 అయింది, ఒక్క కోర్ మీద 5.1 గిగాహెర్ట్జ్ ఉన్నది 5.3 దాకా పోతోంది. మధ్యాహ్నం మూడింటికి, గదిలో 37 ఉన్నప్పుడు తీసిన అంకెలివి. వీఆర్‌ఎం 64 దాటలేదు యాదగిరన్నా, టేబుల్ ఫ్యాన్ అక్కర్లేదు. సీమాస్ మాత్రం నాలుగుసార్లు క్లియర్ చేయాల్సొచ్చింది.

సోల్డర్_స్వాతి
నాలుగేనా? బాగా చేశావు. ఆ సెట్టింగుల్ని బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకో, పెన్‌డ్రైవ్‌లోనూ ఒక కాపీ పెట్టు. బయోస్ అప్‌డేట్ చేస్తే అన్నీ ఎగిరిపోతాయి.

తార్నాక_ఇంటెల్
కోర్ కోర్‌కీ తేడా పట్టుకున్నావు చూడు, ఒప్పుకుంటున్నా, అది నేర్చుకోవడమే. ర్యామ్ టైమింగ్స్ మొదలెట్టావా?

కూకట్‌పల్లి_కుర్రోడు
సెమిస్టర్ పరీక్షలు అయ్యాకే అని అమ్మకి మాటిచ్చానన్నా. జూన్‌లో వేరే థ్రెడ్ వేస్తా.